నాలుగో లైనులో ఫోను ఎవరెత్తాలి

మొదటి రోజు ఉమ ఫోను పదకొండు నలభైకే ఆగిపోయింది. సాయంత్రం అయిదున్నర దాకా అది వెలుగుతూ ఉంటేనే ఆమెకు సూపర్‌వైజర్ పని. లేకపోతే ఎప్పటిలా కాలర్లు కుట్టుకుంటూ కూర్చోవాలి. పందెం అంత సూటిగా ఉంది. పెట్టినవాళ్లకు అది న్యాయంగానే కనిపించింది. నాకు మాత్రం ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఇది 2012 నాటి మాట. నాచారం పారిశ్రామికవాడలో చొక్కాలు కుట్టే కంపెనీ మాది. దాని పేరు చెప్పను, ఇప్పుడది లేదు కూడా. కుట్టు షెడ్డు నాచారంలో ఉంటే, గుడ్డ కోసే కటింగ్ సెక్షన్ కిలోమీటరున్నర అవతల మల్లాపూర్ వైపు ఉండేది. నేను, అంటే స్వర్ణలత, మొదట రెండేళ్లు కుట్టు షెడ్డులో ఉమ పక్క మిషన్ మీద పనిచేశాను. తర్వాత ఇంటర్ చదివానని నన్ను కటింగ్‌లో రిజిస్టర్లు రాయడానికి వేశారు.

ఉమ పుట్టినప్పటి నుంచీ వినదు. బధిరుల బడిలో పదో తరగతి దాకా చదివింది. ఆమె భాష చేతుల్లో ఉంది. రెండేళ్లు పక్కన కూర్చుని నేనూ ఆ భాష నేర్చుకున్నాను. అందరూ చేసినట్టే తిట్లతో మొదలుపెట్టాను. మిగతాది దానంతటదే వచ్చింది. ఇక్కడ ఉమ అన్నదని రాసేదంతా చేతులతో అన్నదే. దానికి నా నోటి మాటలు తొడిగి రాస్తున్నాను.

నాలుగో లైనులో ముప్పై మిషన్లు. వాటిలో పద్నాలుగింటి మీద వినపడనివాళ్లే. షెడ్డులో దాన్ని మూగోళ్ల లైను అనేవారు. వీళ్లైతే ముచ్చట్లు పెట్టుకోరు, పని ఎక్కువ సాగుతుందని కంపెనీ వాళ్లను అక్కడ చేర్చింది. నిజానికి ఆ షెడ్డు మొత్తంలో అంతగా ముచ్చట్లు పెట్టుకునే లైను ఇంకోటి లేదు. బాబిన్ మార్చే నాలుగు క్షణాల్లో ఒక అత్తగారి కథ పూర్తయ్యేది. పని కూడా ఎక్కువే సాగేది.

అప్పటి సూపర్‌వైజర్‌కు వాళ్లను పిలవడానికి తెలిసిన పద్ధతి ఒకటే. దారం అయిపోయిన ప్లాస్టిక్ కోను తీసి మీదికి విసిరేవాడు. ఒకటి ఉమ కనుబొమ్మకు తగిలి చీరుకుపోయింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఆమె ఆ కోనును పారేయకుండా మిషన్ పక్కనే పెట్టుకుంది. ఆగస్టులో అతను వేరే కంపెనీకి వెళ్లిపోయిన రోజున దాన్ని తీసుకెళ్లి మేనేజర్ బుచ్చిబాబుగారి బల్ల మీద పెట్టి, పక్కన ఒక చీటీ పెట్టింది. నాలుగో లైను నాకు ఇవ్వండి అని అందులో ఉంది.

బుచ్చిబాబుగారు చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషి అయితే ఎదుర్కోవడం తేలికగా ఉండేది. తెనాలి నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా హబ్సిగూడలో ఉంటున్నాడు, పనిమంతులంటే గౌరవం ఉన్నవాడు. ఉమ చెప్పేది విడమరచడానికి నన్ను పిలిపించాడు.

"నువ్వు పనిలో దిట్టవేనమ్మా, నేను కాదన్నానా? కానీ కటింగ్ నుంచి ఫోను వస్తే ఎవరెత్తుతారు?" అన్నాడు.

అదే మాట పట్టుకుని కూర్చున్నాడు. లైను నడిపేవాళ్లకు కటింగ్‌తో రోజుకు అయిదారుసార్లు పని పడుతుంది. కఫ్‌లు తక్కువ వచ్చాయి, రంగు తేడా వచ్చింది, ఈ కట్ట ఆపండి అని. ఎస్సెమ్మెస్ పెడుతుందన్నాను. అది చేరేలోపు అక్కడ గుడ్డ తెగిపోతుందన్నాడు. అందులో నిజం లేకపోలేదు. పైగా రాతలో ఉమ మాటలు అటూ ఇటూ అవుతాయి. చేతులతో అరనిమిషంలో తేల్చేదాన్ని రాయాలంటే పావుగంట పడుతుంది.

అప్పుడు ఉమ నడుముకు దోపుకున్న ఫోను తీసి చూపించింది. ముందు వైపు కూడా కెమెరా ఉన్న ఫోను. త్రీజీ వచ్చిందని మిగతావాళ్లు పాటలు దింపుకుంటున్న రోజుల్లో ఆమే, ఆమె భర్త దుర్గేషూ చెరొకటి కొనుక్కున్నారు. దుర్గేష్‌కూ వినపడదు, చర్లపల్లిలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పని. మధ్యాహ్నం ఒంటిగంటకు వీడియో కాల్లో వాళ్లిద్దరూ మాట్లాడుకునేవారు. పెళ్లయిన ఆరేళ్లకు పగటిపూట ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం అప్పుడే మొదలైంది.

కటింగ్‌తో ఇలాగే మాట్లాడతాను, అక్కడ స్వర్ణ ఉంది కదా అంది ఉమ. బుచ్చిబాబుగారు లైను నడిపి చూపించమని ఆరు రోజులు గడువిచ్చాడు. కటింగ్ నుంచి వెళ్లిన ప్రతి ఫోనూ నా రిజిస్టర్లో ఎక్కాలి. చివర ఒక గడి గీయించాడు. ఎత్తినది, ఎత్తలేదు. ఆరు రోజులు సరిగ్గా ఎత్తితే లైను ఉమది, లేకపోతే రెండో లైను నుంచి దయాకర్‌ది. దయాకర్ గొంతు షెడ్డు ఆ చివరి దాకా వినిపిస్తుంది. పద్నాలుగుమంది వినపడనివాళ్ల మీద ఆ గొంతు ఏం చేస్తుందో ఎవరూ అడగలేదు.

వారం పాటు నా దగ్గర ఉండడానికి దుర్గేష్ తన ఫోను ఇచ్చేశాడు. నాది మామూలు ఫోను, దానికి వీడియో రాదు. ఆ వారం మొగుడూ పెళ్లాం పగటి మాటలు మానుకున్నారు.

ఇంకో చిక్కు ఉంది. ఆ ఏడు కరెంటు లేదు. కంపెనీలకు వారానికిన్ని రోజులని పవర్ హాలిడే ఇచ్చారు. మా షెడ్డు జనరేటర్ మీద నడిచేది. జనరేటర్ కరెంటు మిషన్లకే, ఎవరైనా ఫోను గుచ్చితే గేటు బయటికే అని బోర్డు పెట్టారు. మిగతావాళ్లకు ఫికర్ లేదు, వాళ్ల ఫోన్లు ఒకసారి చార్జింగ్ పెడితే రెండు రోజులు వచ్చేవి. ఉమ ఫోను సోమవారం పొద్దున ఏడింటికి నిండుగా ఉంది, పదకొండు నలభైకి చచ్చింది. మధ్యలో మేము మాట్లాడింది రెండే సార్లు. తర్వాత మూడు ఫోన్ల ఎదురుగా ఎత్తలేదు అని నా చేత్తో నేనే రాశాను.

"రామంతాపూర్‌లోనే కదా ఉండేది, టీవీ కేంద్రం పక్కన? అంత పెద్ద టవర్ పెట్టుకుని చార్జింగ్ లేదంటారేంటి?" అన్నాడు బుచ్చిబాబుగారు. ఆ టవరుకూ ఫోనుకూ ఏ సంబంధమూ లేదని చెప్పేంత తెలివి అప్పుడు నాకూ లేదు.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. ఆ సాయంత్రం ఉమ వద్దంటున్నా వినకుండా ఫోను లాక్కుని ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర మా బావ బిక్షపతి దుకాణానికి వెళ్లాను. బావ పద్నాలుగేళ్లుగా ఫోన్లు బాగుచేస్తున్నాడు. బ్యాటరీ తీసి చూశాడు, ఉబ్బలేదన్నాడు. తర్వాత సెట్టింగులలోకి వెళ్లి ఏదో నొక్కాడు. ఫోను ఆగి మళ్లీ వెలిగింది. ఇగ రెండు రోజులు ఆగుతది, ఫికర్ చెయ్యకు అన్నాడు. చాయ్ తాగి, తృప్తిగా ఇంటికి వచ్చాను.

మంగళవారం నేను ఎన్నిసార్లు వీడియో కాల్ చేసినా వెళ్లలేదు. అవతల ఫోను బతికే ఉంది. మామూలు కాల్ చేస్తే మోగుతోంది. వీడియో మాత్రం పోవడం లేదు. సాయంత్రానికి రిజిస్టర్లో అయిదు ఎత్తలేదులు. పని అయిపోగానే ఉమ నా దగ్గరికి వచ్చింది. ఫోను నా ముఖం ముందు పెట్టింది. బ్యాటరీ బొమ్మలో ఏడు గీతలకు ఏడూ ఉన్నాయి.

"మీ బావకు చెప్పు," అంది. "ఫోను మంచిగైంది. నేనే ఇన్నేండ్లకు ఇయ్యాల్ల మూగదాన్నైన."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఇద్దరం షేర్ ఆటో ఎక్కి ఉప్పల్ వెళ్లాం. మెట్రో కోసం రోడ్డంతా తవ్వి పెట్టారు, గంట పట్టింది.  దారి పొడుగునా ఆమె చేతులు ఒళ్లో కట్టుకుని కూర్చుంది.

బావ మొదట తన తప్పేమీ లేదన్నాడు. చార్జింగ్ ఆగుతలేదంటివి, ఆగేటట్టు జేసిన అన్నాడు. ఫోను టూజీలో పెట్టాడట. మాట్లాడనీకి టూజీ చాలు కదా అన్నాడు. అప్పుడు ఉమ తన రెండు చేతులూ ఎత్తి బావకు చూపించింది. ఏమీ అనలేదు, ఊరికే చూపించింది.  బావ స్టూలు మీద దుమ్ము తుడిచి ఆమెను కూర్చోమన్నాడు, కాయితం మీద బొమ్మలు గీసి మొత్తం చెప్పాడు.

"టూజీ త్రీజీ రెండు తీర్లు కలిపి పెట్టినవనుకో, ఫోను త్రీజీ కోసం దేవులాడుతనే ఉంటది. దొరికితే ఎక్కుతది, పోతే మల్ల టూజీకి దిగుతది. మీది రేకుల షెడ్డు, అండ్ల టవర్ సక్కగ రాదు. గా ఎక్కుడు దిగుడుకే చార్జింగ్ అంత ఒడుస్తది. మాట్లాడినందుకు కాదు, దేవులాడినందుకు."

నేను అదంతా చేతులతో చెప్పాను. ఉమ చివరి మాట మళ్లీ చెప్పించుకుంది. తర్వాత ఆ బొమ్మల కాయితం మడిచి జాకెట్లో పెట్టుకుంది.

బుధవారం పొద్దున బుచ్చిబాబుగారు ఇక చాలు అన్నాడు. మొదటి రోజు సగమే ఎత్తావు, రెండో రోజు ఒక్కటీ ఎత్తలేదు, పోనీ వదిలేద్దాం అన్నాడు, మర్యాదగానే. ఉమ చీటీ రాసి ఇచ్చింది. ఆరు అన్నారు. నాలుగు ఉంది. అంతే. ఆయన ఆ చీటీ అటూ ఇటూ తిప్పి చూసి, సరే కానీ అన్నాడు.

ఆ రోజు టీ విరామంలో ఉమ టీ తాగలేదు. ఫోను చేత పట్టుకుని షెడ్డంతా తిరిగింది. మిషన్ దగ్గర సిగ్నల్ ఒక గీత. గేటు దగ్గర రెండు. సరుకు ఎక్కించే చోటుకు వెనక, నీళ్ల ట్యాంకుకు పోయే ఇనప మెట్ల మీద మూడో మెట్టు ఎక్కితే నిండా వచ్చింది. అక్కడ నుంచి నాతో అయిదు నిమిషాలు మాట్లాడింది. మళ్లీ మిషన్ దగ్గరికి వెళ్లి అయిదు నిమిషాలు మాట్లాడింది. షెడ్డులో మాట్లాడితే బ్యాటరీ రెండు గీతలు దిగింది, మెట్ల మీద ఒక్కటి కూడా దిగలేదు. బావ బొమ్మలు గీసిన కాయితం వెనక ఆ లెక్కలు రాసుకుంది.

అంటే షెడ్డులో ఉన్నంతసేపూ ఫోను టూజీలో పెట్టాలి, అప్పుడది త్రీజీ కోసం వెతుకుతూ దేవులాడదు. మాట్లాడాల్సి వస్తే మెట్ల మీదికి వెళ్లి త్రీజీకి మార్చాలి. మార్చడానికి నిమిషం పడుతుంది. మరి నేను పిలుస్తున్నానని ఆమెకు తెలిసేదెట్లా? టూజీలో ఉన్న ఫోనుకు వీడియో పోదు. ఇది అడిగితే ఉమ నన్ను జాలిగా చూసింది.

"మిస్డ్ కాల్ ఇయ్యి," అంది.

వాళ్లింట్లో అది ఎప్పటి నుంచో ఉంది. దుర్గేష్ ప్రెస్సులో బయల్దేరితే ఒక రింగు, ఆలస్యమైతే రెండు. నడుము దగ్గర ఫోను ఒక్కసారి గుర్రుమంటే అన్నం ఎసరు పెట్టేది. నేను కూడా దినాం మా ఆయనకు మిస్డ్ కాల్ ఇచ్చేదాన్నే, ఈ ఊళ్లో ఇవ్వనిది ఎవరు? చెవులు అక్కర్లేని కాల్ అదొక్కటే ఉందని నాకెప్పుడూ తోచలేదు. నేను ఒక రింగు ఇచ్చి కట్ చేస్తాను. ఆమె మెట్లెక్కి, త్రీజీ పెట్టి, తనే వీడియో చేస్తుంది. రింగు నుంచి ముఖం కనిపించే దాకా నిమిషంన్నర.

బుధ, గురు, శుక్రవారాలు రిజిస్టర్లో ఒక్క ఎత్తలేదు లేదు. సాయంత్రానికి బ్యాటరీలో ఇంకా మూడు గీతలు మిగిలేవి. లైను మొత్తం ఆట నేర్చుకుంది. ఉమ రెండు వేళ్లు చూపిస్తే టూజీ, నేను లోపలే ఉన్నాను అని. మూడు వేళ్లు చూపిస్తే మెట్ల మీదికి పోతున్నాను, లైను మీరు చూసుకోండి అని. వినపడేవాళ్లు కూడా వేళ్లు చూపించుకోవడం మొదలుపెట్టారు. ఆ మూడు రోజులూ నాలుగో లైనులో ఒక్క కోను గాలిలో ఎగరలేదు. మిగతా మూడు లైన్ల కన్నా ఎక్కువ చొక్కాలు దిగాయి.

శనివారం వచ్చింది. ముందు రోజు రామంతాపూర్‌లో వాళ్ల గల్లీ ట్రాన్స్‌ఫార్మర్ పోయింది, తెల్లారినా కరెంటు రాలేదు. ఉమ మూడు గీతలతోనే పనికి వచ్చింది. పొద్దున రెండుసార్లు మాట్లాడుకున్నాం, పని ముక్కలు తప్ప వేరే మాట లేదు. మధ్యాహ్నం రెండింటికి బుచ్చిబాబుగారు కటింగ్ సెక్షన్‌కు వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. రిజిస్టర్ తిరగేశాడు. మూడు రోజులు వరసగా ఎత్తినది అని ఉండడం ఆయనకు నమ్మబుద్ధి కాలేదు. నా స్నేహితురాలు కాబట్టి నేనే రాశానని అనుకున్నట్టున్నాడు. నా బల్ల మీది ల్యాండ్‌లైన్ అందుకుని తనే నంబరు నొక్కాడు.

ఒక్క రింగు ఇచ్చి పెట్టేయండి సార్, ఆమే చేస్తుంది అన్నాను. ఆయన నావైపు అదోలా చూశాడు.

"మిస్డ్ కాల్ ఇవ్వడానికి నేనేమైనా పాలవాడినా? మేనేజర్ని. మోగుతుంది, ఎత్తమను."

మోగనిచ్చాడు, పూర్తిగా. అక్కడ ఉమ మెట్లెక్కుతూ ఉంటుందని నాకు తెలుసు. ఆమె త్రీజీకి మార్చి నాకు చేసేలోపే ఈయన మళ్లీ కొట్టాడు. దుర్గేష్ ఫోను నా చేతిలో ఒకసారి వెలగబోయి ఆగిపోయింది. ఆమె ఈయన కాల్ కట్ చేసి నాకు చేయబోయేసరికి ఈయన మూడోసారి కొట్టాడు. నా ఫోనే కట్ చేస్తుందా అంటూ రిజిస్టర్లో స్వయంగా రాయడం మొదలుపెట్టాడు. ఎత్తలేదు. ఎత్తలేదు. ఎత్తలేదు. నేను బతిమాలాను. కట్టర్లు కత్తులు ఆపి చూస్తున్నారు. అక్కడ ఆమె ఫోనులో ఎన్ని గీతలు మిగిలాయో తలుచుకుంటే నాకు ఏడుపొచ్చింది. వాళ్ల ముందు ఏడవకూడదని పళ్లు బిగించుకున్నాను.

నాలుగోసారి కొట్టాడు. రెండో రింగుకే అవతల ఫోను ఎత్తారు.

బుచ్చిబాబుగారు హలో అన్నాడు. మళ్లీ హలో అన్నాడు.  రిసీవర్ నా చెవి దగ్గర పెట్టాడు. మిషన్ల చప్పుడు. ఉమ మెట్లు దిగి, ఎత్తిన ఫోనును తీసుకెళ్లి లైను మధ్యలో పట్టుకుని నిలబడింది. ముప్పై మిషన్లు, ఒక్కటి కూడా ఆగకుండా. తను పుట్టాక ఎన్నడూ వినని చప్పుడు అది. అవతలివాడికి అది వినిపిస్తుందని మాత్రం ఆమెకు తెలుసు.

కాల్ ఆగింది. దుర్గేష్ ఫోనుకు ఎస్సెమ్మెస్ వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో ఉమ తెలుగు. నేను పైకి చదివాను.

"ఎత్తిన. సార్ ఇప్పుడు. రింగ్ ఒకటి. కట్."

 ఆయన రిసీవర్ పెట్టేయబోయి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఆ మనిషి ఎవరికీ మిస్డ్ కాల్ ఇచ్చి ఉండడు. నేను సాయం చేయదలచుకోలేదు.

నంబరు నొక్కాడు. ఒక్క రింగు. వేలితో తనే కట్ చేశాడు.

గోడ గడియారం వైపు చూశాను. నిమిషం గడిచింది. ఇంకో అరనిమిషం. దుర్గేష్ ఫోను బల్ల మీద మోగింది, వీడియో కాల్. ఎత్తండి సార్ అన్నాను. ఆయన చేతిలోకి తీసుకున్నాడు, ఏది నొక్కాలో తెలియలేదు. అటూ ఇటూ తిప్పి నావైపు చూశాడు. నేను ఒక్క క్షణం ఆగి, అప్పుడు మీట చూపించాను.

ఇనప మెట్ల మీద ఉమ. కనుబొమ్మ మీద మచ్చ, వెనక నీళ్ల ట్యాంకు. ఆమె చేతులు గబగబా కదిలాయి, బ్యాటరీలో ఒకటే గీత ఉంది మరి. బుచ్చిబాబుగారి పెదాలు కదులుతున్నాయి కానీ మాట రావడం లేదు. మా ముగ్గురిలో ఏమీ అర్థం కానిది ఆయనొక్కడికే.

"ఏమంటోంది?" అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

"నలభై సైజు కఫ్‌లు పదహారు తక్కువ పంపిన్రట సార్. లైను ఆగకముందు ఎప్పుడు పంపుతరని అడుగుతుంది."

ఆయన కుర్చీలో వెనక్కి తిరిగి కట్టర్ల వైపు చూసి, పదహారు కఫ్‌లు అన్నాడు. తర్వాత రిజిస్టర్ దగ్గరికి లాక్కుని, తను రాసిన మూడు ఎత్తలేదుల మీదా గీత కొట్టాడు. సోమవారం నుంచి నాలుగో లైను ఉమది. ఆ తర్వాత కంపెనీ మూతపడే దాకా బుచ్చిబాబుగారు ఆ లైనుకు ఎప్పుడు ఫోను చేసినా ఒక్క రింగే ఇచ్చేవాడు.